చదువుకున్న బడికి వీలునామాలో రాయాలంటే: ముందు అందుకునేవారు ఎవరో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివిన మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి మీ తదనంతరం 10 లక్షల రూపాయలు, బడి ప్రహరీని ఆనుకుని ఉన్న మీ 12 సెంట్ల స్థలం చెందాలి. ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. వీలునామాలో "మా ఊరి హైస్కూలుకు ఇస్తున్నాను" అని రాసి, హెడ్మాస్టరు గారిని ఎగ్జిక్యూటరుగా, అంటే వీలునామాని అమలు జరిపే మనిషిగా, పెడితే సరిపోతుందా? రిజిస్ట్రేషన్ తప్పనిసరా? అబ్బాయి కెనడా పౌరుడు, అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది, రేపు వాళ్లు అడ్డం చెబితే ఎలా అన్నది మీ టెన్షన్.

నేను సివిల్ కోర్టుల్లో 34 ఏళ్లు ప్రాక్టీసు చేశాను. అందులో సగం దాకా వీలునామాలు, పంపకాల దావాలే. మా బడి పూర్వ విద్యార్థుల సంఘానికి పదకొండేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను కాబట్టి ఇచ్చేవాళ్ల తంటాలూ తెలుసు, పుచ్చుకునేవాళ్ల తంటాలూ తెలుసు. ఆ రెండూ కలిపి చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. 1998లో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, తన వీలునామా తానే రాసుకున్నానని, ఒకసారి చూడమని ఇచ్చారు. "నేను చదువుకున్న మా ఊరి హైస్కూలుకు రెండు లక్షల రూపాయలు ఇవ్వవలెను" అని అందులో ఒక వాక్యం ఉంది. ఈ వాక్యం మార్చాలండీ అన్నాను. "మా ఊళ్లో హైస్కూలు ఒక్కటే కదా, తెలియకపోవడానికేముంది" అన్నారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఆయన 2009లో పోయారు. అప్పటికి ఆడపిల్లల హైస్కూలు వేరే అయింది, ఊరి పేరుతోనే ఒక ప్రైవేటు హైస్కూలూ వచ్చింది. పెద్ద కొడుకు మంచివాడు, ఇవ్వనని అనలేదు. చెక్కు ఎవరి పేరున రాయాలని మాత్రం అడిగాడు. హెడ్మాస్టరు తాను తీసుకోవచ్చో లేదో తెలియక పై ఆఫీసుకి రాశారు. జవాబు రావడానికి ఏడాది దాటింది. ఈలోగా ఆయనకి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుకి ఈ ఉత్తరాల సంగతే తెలియదు. తర్వాత రెండేళ్లకు ఆ కొడుకు కూడా గుండెపోటుతో పోయాడు. ఆ రెండు లక్షల్లో ఒక్క రూపాయి కూడా బడికి చేరలేదు. ఇందులో మోసం చేసినవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు పట్టుబట్టి ఆ వాక్యం మార్పించి ఉండాల్సింది నేను. ఇప్పటికీ ఆ బడి ముందు నుంచి వెళ్తే అదే గుర్తొస్తుంది.

అందుకే మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: చాలదు. "మా ఊరి హైస్కూలు" అనేది మన మనసులో ఒక మనిషి లాంటిదే గానీ చట్టం దృష్టిలో ఆస్తి పుచ్చుకోగల వ్యక్తి కాదు. జెడ్పీ హైస్కూలు స్థలం, భవనం జిల్లా పరిషత్తువి. ప్రాథమిక పాఠశాల అయితే మండల పరిషత్తుది, మున్సిపల్ స్కూలైతే మున్సిపాలిటీది, నేరుగా విద్యాశాఖ నడిపే బడైతే ప్రభుత్వానిది. గురుకులాలైతే వాటిని నడిపే సొసైటీవి. ఎయిడెడ్ బడి, మిషన్ బడి అయితే యాజమాన్య సంఘానిది. వీలునామాలో లబ్ధిదారుగా ఉండాల్సింది వీళ్లు. బడి పేరు ఆ తర్వాత, "ఫలానా బడి పిల్లల ప్రయోజనం కోసం" అని రావాలి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. మన రెండు రాష్ట్రాల్లో ఈ పదిహేనేళ్లలో మారినన్ని పేర్లు, సరిహద్దులు అంతకు ముందు ఎప్పుడూ మారలేదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కానీ అప్పుడు జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. అంటే మీ ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్లినా బడి గుంటూరు జిల్లా పరిషత్తు కిందే ఉండిపోయింది. వీలునామా రాసే నాటికి అది ఏ పరిషత్తు కింద ఉందో కాగితం మీద కనుక్కుని రాయాలి, రేపు మారినా చెల్లేలా రాయాలి. సర్వేల్ గురుకులం సంగతి చూడండి. 1971లో మొదలైన బడి, అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. అక్కడ చదివినవాళ్లు ఎవరైనా 2010లో "ఆంధ్రప్రదేశ్ గురుకుల విద్యాలయాల సంస్థకు" అని వీలునామా రాసి ఉంటే, 2014 తర్వాత ఆ బడి ఉన్నది తెలంగాణ సంస్థ కింద. తాడికొండ, కొడిగెనహళ్లి మాత్రం ఆంధ్రలో ఉన్నాయి. అదే వాక్యం ఒక బడికి సరిపోతుంది, ఇంకో బడికి తగాదా తెస్తుంది. ఎయిడెడ్ బడులదీ అంతే. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్నప్పుడు ఎన్నో బడుల రూపమే మారిపోయింది.

దీనికి విరుగుడుగా నేను ఈ మధ్య అందరి చేతా రాయిస్తున్నది బడి యూడైస్ కోడ్. దేశంలో ప్రతి గుర్తింపు ఉన్న బడికీ 11 అంకెల కోడ్ ఒకటి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బడులది 28తో, తెలంగాణ బడులది 36తో మొదలవుతుంది. హెడ్మాస్టరు గారిని అడిగితే చెబుతారు. ఊరు, మండలం, జిల్లా, మీరు చదివిన సంవత్సరాలు రాసి, పక్కన ఆ కోడ్ కూడా రాస్తే "ఏ హైస్కూలు" అన్న తగాదా రాదు.

ఇక స్థలం సంగతి. ఇది వీలునామాలో పెట్టవద్దని నా గట్టి సలహా. డబ్బుకీ స్థలానికీ తేడా ఉంది. మీరు పోయాక ఆ 12 సెంట్లు ఎవరు కొలిపిస్తారు, ఎవరు స్వాధీనం చేస్తారు, రికార్డులో పేరు ఎవరు మార్పిస్తారు? పరిషత్తుకి ఒక వీలునామా ఉందన్న సంగతి కూడా తెలియకపోవచ్చు. ఐదేళ్లు ఖాళీగా పడి ఉన్న స్థలంలోకి ఎవరో ఒకరు వచ్చి గడ్డివామి వేస్తారు, తర్వాత పాక వేస్తారు. అలా పోయిన బడి స్థలాలు మీ చుట్టుపక్కల కూడా ఉండే ఉంటాయి. మీరు కళ్లారా చూసుకుంటూ జిల్లా పరిషత్తు పేర దాన దస్తావేజు రాసి రిజిస్టరు చేయించండి. స్థిరాస్తి దానం చెల్లాలంటే దస్తావేజు రిజిస్టరు కావాలి, మీరు బతికి ఉండగానే వాళ్లు స్వీకరించాలి. కాబట్టి ముందు హెడ్మాస్టరు ద్వారా, లేదా నేరుగా, జెడ్పీ సీఈఓకి దరఖాస్తు పెట్టి, స్వీకరిస్తామని రాతపూర్వకంగా తెచ్చుకోండి. దస్తావేజులో సర్వే నంబరు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు), "హైస్కూలు అవసరాలకు మాత్రమే వాడవలెను" అన్న మాట ఉండాలి. రిజిస్టరైన మర్నాడే సర్వేయరుతో కొలిపించి, ప్రహరీ జరిపించే పని మొదలుపెట్టించండి. రాళ్లు పాతి వదిలేస్తే సరిపోదు.

అంతకు ముందు ఆ స్థలం మీది ఏ రకంగా అయిందో చూసుకోండి. డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి, అయితే దాని జోలికి వెళ్లకండి, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డం వస్తుంది. ఏజెన్సీ ప్రాంతమైతే గిరిజనేతరులకి భూమి బదిలీని అడ్డుకునే 1/70 రెగ్యులేషన్ ఉంది. తాతల నాటి ఆస్తి అయితే అందులో మీ వాటా వరకే మీ ఇష్టం, అదీ వీలునామా రాసే విషయంలో. బతికుండగా ఉమ్మడి ఆస్తిని దానం చేయాలంటే ఇంకా ఇబ్బంది. కూతుళ్లకీ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. అలాంటి స్థలమైతే పిల్లలిద్దరి చేతా సంతకాలు పెట్టించుకోకుండా అడుగు వేయకండి. మీ ఉద్యోగం డబ్బుతో కొన్నదైతే ఏ గొడవా లేదు.

డబ్బు విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, నేరుగా జిల్లా పరిషత్తుకి, ఫలానా బడి కోసం అని ఇవ్వడం. ఇది ఒక్కసారి ఖర్చయ్యే పనులకి బాగుంటుంది. రెండు గదులో, ఆడపిల్లలకి మరుగుదొడ్లో, సైన్సు ల్యాబో. ఏటా జరగాల్సిన పనులకి అంతగా పనికిరాదు. బడి యాజమాన్య కమిటీ ఖాతాలో వేద్దామంటారు కొందరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, అది మంచిదే. కానీ పిల్లలు బడి దాటితే తల్లిదండ్రులూ మారిపోతారు, కమిటీలు రద్దయి కొత్తవి వస్తుంటాయి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఆ ఖాతా ప్రభుత్వ గ్రాంటుల కోసం పెట్టినది, ఇరవై ఏళ్లు నిలవాల్సిన డబ్బు దాచడానికి పెట్టినది కాదు.

రెండో దారి, పూర్వ విద్యార్థుల సంఘమో ట్రస్టో. అది రిజిస్టరైనదై, సొంత పాన్ ఉండి, ఆదాయపన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదై, ఏటా ఆడిట్ చేయిస్తుంటే నా ఓటు దీనికే. వాట్సాప్ గ్రూపు సంఘం కాదు. రజతోత్సవం చేసుకుని ఫోటోలు దిగిన బ్యాచ్ కూడా సంఘం కాదు. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి. ఇవ్వడానికి సందేహించేవాళ్లకి రాయకండి. ఇస్తే మాత్రం వీలునామాలో "ఈ మొత్తం మూలనిధికి చెందవలెను" అన్న మాట తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఆ ఏడాది విరాళం కింద ఖర్చు రాసేయవచ్చు.

మూడో దారి చాలామందికి తెలియదు. 1890 నాటి ధర్మనిధుల చట్టం ఒకటి ఇంకా అమల్లో ఉంది. దాని కింద ప్రతి రాష్ట్రంలో ధర్మనిధుల ట్రెజరర్ అనే అధికారి ఉంటారు. చదువు లాంటి ప్రజాప్రయోజనానికి ఇచ్చిన సొమ్ముని ఆయన పేర నిక్షిప్తం చేసి, వడ్డీ ఎలా వాడాలో ఒక స్కీము రాయించవచ్చు. అసలు ఎవరూ తాకలేరు. కానీ ప్రభుత్వ ఉత్తర్వు రావాలి, ఆలస్యమవుతుంది. 10 లక్షలకి ఇంత ప్రయాస అవసరం లేదు. పాతిక, యాభై లక్షలు ఇచ్చేవాళ్లు మాత్రం ఆలోచించాలి.

ఇక "నా పేరు మీద శాశ్వతంగా ప్రైజు" అన్న కోరిక. మీరు రాసిన దాంట్లో అది కనిపించింది, లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్లకి మీ అమ్మగారి పేరున బహుమతి ఇవ్వాలని. ఆ కోరిక నాకు ఎంతో ఇష్టం. దాని లెక్క మాత్రం ముందే వేసుకోండి. లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తే 7 శాతం చొప్పున ఏటా ఏడు వేలు వస్తుంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పదేళ్లకు ఆ ఏడు వేలకి ఇవాళ్టి నాలుగు వేల రూపాయల సరుకు కూడా రాదు. 1970ల్లో వెయ్యి రూపాయల మూలధనంతో పెట్టిన ప్రైజులు నేను చూశాను. ఇప్పుడు ఆ వడ్డీతో ఒక మంచి పెన్ను కూడా రాదు. వార్షికోత్సవంలో ఆ దాత పేరు చదివి, ఆ పిల్లకి కవరులో డెబ్బై రూపాయలు పెట్టి ఇవ్వడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని వడ్డీలో మూడో వంతు మళ్లీ అసలులో కలపాలని వీలునామాలోనే రాయండి.

లేదా శాశ్వతం అన్న పట్టు వదలండి. 10 లక్షల మీద 7 శాతం వస్తుంటే, అసలూ వడ్డీ కలిపి ఏటా 1,40,000 చొప్పున పదేళ్లు ఖర్చు పెట్టవచ్చు. పదో తరగతి పాసై ఇంటర్ ఫీజు కట్టలేక ఆగిపోయే ఆడపిల్లలు ఏటా ఏడుగురు అనుకుంటే, తలా ఇరవై వేలు. పదేళ్లలో డెబ్బై మంది. అసలు ఎన్నటికీ తరగకుండా ఏటా వడ్డీ డెబ్బై వేలు మాత్రమే ఇవ్వడం కన్నా నాకు ఇదే నచ్చుతుంది. మీ అమ్మగారి పేరు డెబ్బై ఇళ్లలో గుర్తుంటుంది. ఇది నా అభిప్రాయం, నిర్ణయం మీదే.

ఇంకో ప్రమాదం, మర్చిపోవడం. బడి పేర ఉన్న ప్రైజు డిపాజిట్ రసీదు ఏ బీరువాలోనో ఉండిపోతుంది, హెడ్మాస్టర్లు మారతారు, కేవైసీ ఎవరూ ఇవ్వరు. పదేళ్లు ఎవరూ కదిలించని ఖాతాల్లోని సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరి డీఈఏ నిధికి (డిపాజిటర్ల విద్య, అవగాహన నిధి) వెళ్లిపోతుంది. పోదు, అడిగితే వడ్డీతో తిరిగి ఇస్తారు, కానీ అడిగేవాళ్లు ఉండాలి కదా. ఎవరూ అడగని డిపాజిట్లు వెతకడానికి 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో మా సంఘం తరఫున వెతికితే మా బడి పేరుతో ఉన్న పాత డిపాజిట్ ఒకటి బయటపడింది. తెచ్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మీ బడి పేరు కూడా ఒకసారి వెతికి చూడండి.

మన ప్రాంతంలో చదువుకి ఆస్తి రాసిపోవడం కొత్తేమీ కాదు. విశాఖలో 1860లో బడిగా మొదలైన సంస్థ, అంకితం వెంకట నరసింగరావు గారి దానం వల్ల ఇవాళ్టికీ మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలగానే నిలిచి ఉంది. ఇది వింటే ఆశ పుడుతుంది. జాగ్రత్త నేర్పేది మద్రాసు పచ్చయప్ప మొదలియార్ గారి వీలునామా. ఆయన 1794లో అది రాసి, అదే ఏడు పోయారు. ఆస్తిలో పెద్ద భాగం ధర్మకార్యాలకే వదిలారు. ఆ డబ్బు ఎగ్జిక్యూటర్ల చేతుల్లో, కోర్టు వ్యాజ్యాల్లో దశాబ్దాల పాటు ఇరుక్కుపోయింది. చివరికి అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పూనుకుని కోర్టు ద్వారా ఒక ఏర్పాటు చేయించాక, మిగులు సొమ్ముతో బడి తెరుచుకున్నది 1842లో. అంటే 48 ఏళ్లకి. అంత సంపన్నుడికే ఆ గతి పట్టింది. డబ్బు ఎంతన్నది కాదు, ఆ డబ్బుని ఎవరు ఎలా నడపాలన్నది స్పష్టంగా లేకపోవడం వల్ల.

కాబట్టి ఎగ్జిక్యూటరు. హెడ్మాస్టరుని పెట్టకండి. పేరు రాస్తే ఆయన మూడేళ్లకో ఐదేళ్లకో బదిలీ అయిపోతారు. హోదా రాస్తే వచ్చిన ప్రతి మనిషికీ అది అక్కర్లేని బరువు. మీకన్నా పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు, ఊరితో సంబంధం ఉన్నవాళ్లు ఇద్దరిని పెట్టండి. మీ అమ్మాయి ఒకరైతే మంచిది, హైదరాబాదు దూరం కాదు. రెండోవారు మీ బ్యాచ్ తర్వాతి బ్యాచ్‌లలో ఎవరైనా. ఇద్దరిలో ఒకరు లేకపోతే మిగిలినవారు చాలు అని రాయండి.

లబ్ధి పొందేవాళ్లు వీలునామా రాయడంలో చెయ్యి పెట్టకూడదు. ట్రస్టు అధ్యక్షుడు దగ్గరుండి డాక్యుమెంట్ రైటరుని పిలిపించి, తనే సాక్షి సంతకం పెట్టి, తనే కారులో సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్తే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా కోర్టు అనుమానంగా చూస్తుంది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇదే, అలాంటి అనుమానాలు తొలగించాల్సిన భారం వీలునామా చూపించేవారి మీదే ఉంటుంది. క్రైస్తవుల్లో అయితే సాక్షి సంతకం పెట్టినవారికి రాసిన బహుమతి చట్టప్రకారమే చెల్లకుండా పోతుంది. హిందువుల వీలునామాలకు ఆ సెక్షన్ వర్తించదు గానీ, ఆ పని మాత్రం చేయకండి.

సాక్షులు కనీసం ఇద్దరు కావాలి. మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, వాళ్లు మీ ఎదురుగా సంతకం పెట్టాలి. రేపు తగాదా వస్తే ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకి వచ్చి చెప్పాలి, అందుకే వయసులో చిన్నవాళ్లని పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు డ్యూటీ కూడా లేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. అయినా రిజిస్టరు చేయించండి, మీ వయసుకి అది మేలు. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేసే వీలుంది. అదే వారం మీ డాక్టరు గారి చేత, మీ మానసిక స్థితి బాగుందని ఒక సర్టిఫికెట్ తీసుకుని జత చేయండి.

ఎంత రాయాలి, ఎలా రాయాలి అన్నదాంట్లో ఎక్కువమంది చేసే తప్పు, ఫలానా బ్యాంకులో ఫలానా నంబరు ఎఫ్‌డీ బడికి అని రాయడం. ఎఫ్‌డీ రెన్యువల్ అయితే నంబరు మారుతుంది, మధ్యలో ఆసుపత్రి ఖర్చుకి విడగొట్టేస్తారు. రాసిన వస్తువు మీరు పోయే నాటికి లేకపోతే ఆ బహుమతి అక్కడితో పోయినట్టే. "10 లక్షలు" అని గట్టి అంకె రాసినా ఇబ్బందే, చివరి రోజుల్లో వైద్యానికి అంతా ఖర్చయితే మీ భార్యకి మిగలాల్సింది బడికి పోతుంది. మిగిలిన దాంట్లో ఒక వంతు అని రాయండి. మీ విషయానికి సరిపోయేలా ఒక నమూనా ఇస్తున్నాను:

"నా అప్పులు, వైద్య ఖర్చులు, అంత్యక్రియల ఖర్చులు తీర్చిన తర్వాత నా చరాస్తి అంతయు నా భార్య బతికి ఉన్నంత కాలం ఆమె అవసరములకు ఉండవలెను. ఆమె తదనంతరం మిగిలిన చరాస్తిలో నాలుగో వంతు, 10 లక్షల రూపాయలకు మించకుండా, ఫలానా సంఘమునకు, రిజిస్టర్ నంబరు ఫలానా, మూలనిధిగా చెందవలెను. అట్టి నిధిని నేను 6 నుండి 10వ తరగతి వరకు చదివిన ఫలానా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, యూడైస్ కోడ్ ఫలానా, విద్యార్థుల పై చదువులకు మాత్రమే వినియోగించవలెను. ఆ పాఠశాల పేరు గాని, యాజమాన్యము గాని మారినను, వేరొక పాఠశాలలో కలిసినను, ఆ ఊరి పిల్లలు చదువుకొనుచున్న ప్రభుత్వ పాఠశాలకు ఇది వర్తించును. సంఘము అప్పటికి లేని యెడల, నా ఎగ్జిక్యూటర్లు అదే ప్రయోజనము గల వేరొక రిజిస్టర్డు ధార్మిక సంస్థను ఎంపిక చేయవలెను."

ఆ చివరి రెండు వాక్యాలే ఈ నమూనాకి ప్రాణం. అవి లేకపోయినా, ధర్మనిధి ఉద్దేశం నెరవేర్చడం అసాధ్యమైనప్పుడు దానికి దగ్గరి ప్రయోజనానికి మళ్లించే అధికారం కోర్టుకి ఉంది. కానీ దావా వేసి సాధించేదాకా పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

పిల్లల సంగతి. స్వార్జితంలో వాళ్లకి రాయకపోయినా చట్టం మిమ్మల్ని ఆపదు. భార్య, ఆధారపడినవాళ్ల పోషణ మాత్రం వదలకూడదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం ప్రకారం ఆస్తి పుచ్చుకున్నవాళ్ల మీద వారి పోషణ బాధ్యత ఉంటుంది. ముస్లింలకి వారసుల సమ్మతి లేకపోతే మూడో వంతుకి మించి వీలునామా చెల్లదు. క్రైస్తవులకి ధర్మకార్యాలకు రాయడంలో ఉండిన ప్రత్యేక ఆంక్షని 2003లో వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

నామినీ పేరు గురించి ఒక మాట. డిపాజిట్లకి అమ్మాయి నామినీ అయితే బ్యాంకు డబ్బు ఆమెకే ఇస్తుంది. కానీ ఆమె దాని యజమాని కాదు, వీలునామా ప్రకారం పంచాల్సిన మనిషి. ఈ తేడా ఆమెకి మీరు స్వయంగా చెప్పాలి. ఎల్ఐసీ పాలసీల్లో భార్యో పిల్లలో నామినీగా ఉంటే 2015 సవరణ తర్వాత ఆ సొమ్ము వాళ్లదే, దాన్ని బడి లెక్కలో వేసుకోకండి.

మీ అబ్బాయి కూడా కొంత కలుపుతానన్నారు కదా. ఆయన విదేశీ పౌరుడు కాబట్టి, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన డబ్బు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) లెక్కలో విదేశీ విరాళమే. ఆ రిజిస్ట్రేషన్ లేని సంఘం తీసుకుంటే నేరం. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై మామూలు బ్యాంకు మార్గంలో తన సంపాదనలోంచి ఇస్తే ఈ సమస్య లేదు. అక్కడ అమెరికాలోనో కెనడాలోనో వీలునామా రాసుకునే మనవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడి నమూనాల్లో మొదటి వాక్యమే "ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అని ఉంటుంది. ఆ ఒక్క సంతకంతో ఇక్కడ బడికి రాసినది కూడా రద్దయిపోతుంది. "భారతదేశంలోని ఆస్తికి సంబంధించినది మినహా" అని రాయించుకోవాలి.

పిల్లలకి చెప్పకుండా దాచవద్దు. నా అనుభవంలో కోర్టుకెక్కిన బడి వీలునామాల్లో చాలా వరకు, పిల్లలకి డబ్బు పోయిందన్న బాధ కన్నా నాన్న మాకు ఒక్క మాట చెప్పలేదన్న బాధే ఎక్కువ. ఈసారి అబ్బాయి వచ్చినప్పుడు ఇద్దరినీ ఆ బడికి తీసుకెళ్లండి. మీరు కూర్చున్న గది, మీ మేష్టారు నిలబడిన చోటు చూపించండి. ఎందుకు ఇస్తున్నారో వీలునామాలో కూడా మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

చివరిగా నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. మొత్తం 10 లక్షలూ మీ తదనంతరానికే వదలకండి. ఈ ఏడాదే యాభై వేలు ఆ సంఘానికి ఇచ్చి చూడండి. రసీదు ఎప్పుడిచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఆ పిల్లల ఉత్తరాలు ఏమన్నా వచ్చాయా, లెక్క అడిగితే ఎలా చెప్పారు, అన్నీ తెలుస్తాయి. నచ్చకపోతే వీలునామా మార్చుకోవచ్చు, బతికి ఉన్నంత కాలం అది మీ చేతిలోనే ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్ ద్వారా కూడా మీ బడికి ఏం కావాలో చూసి వస్తువు రూపంలో ఇవ్వవచ్చు. ఆ డబ్బుతో చదువుకున్న పిల్ల ఎదురొచ్చి నమస్కారం పెడితే చూసుకునే భాగ్యం మీకూ ఉండాలి కదండీ.

వచ్చే వారం మీరు చేయాల్సినవి మూడు. హెడ్మాస్టరు గారి దగ్గర యూడైస్ కోడ్ తీసుకోండి. స్థలానికి ఈసీ (దాని మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్), మీ కొనుగోలు దస్తావేజు నకలు తీయించండి. పూర్వ విద్యార్థుల సంఘం ఉంటే రిజిస్ట్రేషన్ పత్రం, మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి. స్థలం స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది మీ ప్రశ్నలో లేదు. అది, సంఘం ఉందో లేదో, రెండూ ఇక్కడే రాయండి. సంఘం లేకపోతే మీ బ్యాచ్‌వాళ్లతో కలిసి ట్రస్టు ఎలా పెట్టుకోవాలో విడిగా రాస్తాను.